సినిమాకి కాదు, థియేటర్‌కి రివ్యూ

సినిమా రిలీజైన రోజు మనకి తెల్లారకముందే అమెరికా ప్రీమియర్ల నుంచి రిపోర్టులు దిగిపోతాయి, ఫస్టాఫ్ ఓకే అని ఒకడు, ఇంటర్వెల్ బ్యాంగ్ అదిరిందని ఒకడు, సెకండాఫ్ ల్యాగ్ అని ఇంకొకడు. తర్వాత రేటింగులు, రెండున్నర, రెండు ముప్పావు, ఆ పావు ఎక్కడ కలిపారో ఎందుకు కలిపారో ఆ దేవుడికే తెలియాలి. ఇంతమంది ఇన్ని రాస్తారు గానీ సినిమాని మనకి చూపించిన థియేటర్ గురించి మాత్రం ఒక్కడూ నాలుగు ముక్కలు రాయడు. మనం డబ్బులిచ్చేది ఆ సీటుకి, ఆ సౌండుకి, ఆ ఏసీకి కూడా కదండీ. అందుకే సంక్రాంతికి ఊరెళ్ళినప్పుడు మా ఊరి సింగిల్ స్క్రీన్‌లో పండగ సినిమా చూసి, సినిమాని పక్కన పెట్టి హాలుకి రివ్యూ రాస్తున్నా.

ముందే చెప్తున్నా, థియేటర్ పేరు చెప్పను. కోనసీమలో ఒక మున్సిపాలిటీ టౌను, అంతవరకు చాలు. ఓనరు గారు మా మేనత్త వాళ్ళింటికి ఏటా కొత్తావకాయ పంపే మనిషి, ఆ జాడీకి అడ్డుపడే ఉద్దేశం నాకు లేదు. సినిమా పేరు కూడా చెప్పను, చెప్తే ఈ హీరో ఫ్యాన్సు నన్ను ఆ హీరో మనిషంటారు, ఆ హీరో ఫ్యాన్సు నన్ను సొంతం చేసుకుంటారు, రెండూ ప్రమాదమే. అయినా పండగ సినిమా కథ మీకు తెలియంది ఏముంది, ఊళ్ళో ఒక పెద్ద ఇల్లు, ఇంటినిండా జనం, ఒక ఫ్లాష్‌బ్యాకు, కత్తి దిగేలోపు రెండు పేజీల డైలాగు.

మొదట సర్వీసు. హైదరాబాద్‌లో మల్టీప్లెక్స్‌కి వెళ్తే అడుగడుక్కీ యూనిఫాం వేసుకున్న పిల్లలుంటారు, బ్యాగు చూసేవాడొకడు, జేబులు తడిమేవాడొకడు, సీటు చూపించేవాడొకడు, సరిగ్గా హీరోయిన్ ఏడుస్తున్నప్పుడు చీకట్లో వచ్చి నాచోస్ కావాలా సార్ అని చెవిలో అడిగేవాడొకడు. ఇక్కడ మొత్తం స్టాఫ్ ఎవరయ్యా అంటే కౌంటర్లో ఒకాయన, గేటు దగ్గర ఒక బాబాయి, పైన ఆపరేటరు, షో అయ్యాక ఊడ్చే ఒక పెద్దావిడ. స్టాండు కుర్రాడు, సమోసాల అబ్బాయి కాంట్రాక్టు మనుషులు, లెక్కలోకి రారు. మరి అంత పెద్ద హాలు ఎలా నడుస్తోంది అంటే మిగతా డిపార్ట్‌మెంట్లన్నీ ప్రేక్షకులే చూస్కుంటారు. టికెట్ కొని లోపలికొచ్చినవాడు ఇక్కడ కస్టమర్ కాదు, డ్యూటీ ఎక్కినట్టే. అంచేత ఈ రివ్యూలో సగం మార్కులు హాలుకి, సగం జనానికి.

టికెట్ మా బావ ఆన్‌లైన్లో తీశాడు. చిన్న ఊరైనా ఇప్పుడంతా ఫోన్లోనే, సీట్ల మ్యాప్ చూసి నొక్కితే చాలు. కానీ గేటు దగ్గర బాబాయికి ఆ సిస్టం మీద నమ్మకం కుదరలేదు ఇంకా. బావ ఫోన్ చాపితే దాన్ని చేతిలోకి తీసుకుని, కళ్ళజోడు పైకి తోసి, ఫోన్ని దూరంగా పెట్టి దగ్గరగా పెట్టి చూసి, "ఎంతమందండీ" అన్నాడు. నలుగురం అన్నాం. మమ్మల్ని ఒకసారి లెక్కపెట్టుకుని, "ఆయ్, వెళ్ళండి" అని పంపేశాడు. క్యూఆర్ కోడ్ మొహం కూడా చూళ్ళేదు. ఇంతవరకు బానే ఉంది, ఇంటర్వెల్లో బయటికెళ్ళి తిరిగొస్తుంటే అదే బాబాయి చెయ్యి అడ్డంపెట్టి "సగం ముక్క చూపించండి" అన్నాడు. ఫోన్ టికెట్‌కి సగం ముక్క ఎక్కణ్ణుంచి తెచ్చేది బాబాయ్ అంటే, "మరి నేనేం చింపానండీ ఇందాక" అని తిరిగి మమ్మల్నే అడిగాడు. ఆ ప్రశ్నకి మా దగ్గర సమాధానం లేదు. వెనకాల ఉన్న ఒక ముసలాయన "మొదట్నుంచీ వాళ్ళు మా వరసలోనే కూర్చున్నార్లేరా, ఆ చొక్కా నేను చూశాను" అని సాక్ష్యం చెప్తే లోపలికి వదిలారు. సెక్యూరిటీ డిపార్ట్‌మెంట్, ప్రేక్షకుల తరఫున, ఫుల్ మార్కులు.

రేటు సంగతి కూడా చెప్పాలి. ఆంధ్రాలో సినిమా టికెట్ రేటంటే సినిమా కన్నా పెద్ద సినిమా. 2021 ఏప్రిల్లో అప్పటి గవర్నమెంట్ జీవో 35 తెచ్చి పంచాయతీల్లో నాన్ ఏసీ హాల్లో కింద క్లాసు టికెట్ 5 రూపాయలు చేసింది. ఐదు రూపాయలు! అప్పటికే హాలు ముందు సోడా కూడా ఆ రేటుకి రావట్లేదు. థియేటర్ కన్నా పక్కనున్న కిరాణా కొట్టు కలెక్షన్ ఎక్కువుందని అప్పట్లో హీరో నాని అంటే దాని మీద కొన్నాళ్ళు గొడవ నడిచింది. 2022 మార్చిలో మళ్ళీ జీవో మార్చి కనీసం రేటు 20కి తెచ్చారు. ఇప్పుడు పెద్ద సినిమా వస్తే పెంచుకోడానికి స్పెషల్ జీవో, దాని మీద కోర్టులో కేసు, ఆ కేసు మీద టీవీలో డిబేటు, ఇదంతా అయ్యేలోపు సినిమా ఓటీటీకి వచ్చేస్తుంది. ఏదేమైనా మేం నలుగురం బాల్కనీలో చూసిన డబ్బులకి హైదరాబాద్‌లో ఇద్దరు చూస్తే మూడోవాడు లాబీలో కూర్చోవాలి.

సీట్లు. రెక్సిను సీట్లు, వెనక్కి వాలవు, వాలినవి మళ్ళీ లేవవు. నాది వాలిన జాతి. అందులో కూర్చుంటే స్క్రీన్ కన్నా సీలింగ్ ఫ్యాను బాగా కనిపిస్తుంది. సీటు నంబర్లు రాసుంటాయి గానీ వాటిని ఎవరూ పట్టించుకోరు, ఇక్కడ ఇంకా కర్చీఫ్ చట్టమే నడుస్తోంది. మా నంబర్లలో రెండిటి మీద ఒక గళ్ళ కర్చీఫూ, ఒక పిల్లాడి టోపీ ఉన్నాయి. మేం ఫోన్ చూపిస్తే ఆ కర్చీఫ్ వేసిన పెద్దాయన "అది మీ ఫోన్లో నంబరండీ, ఇది సీట్లో గుడ్డండీ" అన్నాడు. లాజిక్ నాకు అర్థం కాలేదు గానీ చుట్టూ ఉన్న నలుగురైదుగురికి బాగా అర్థమైంది, అందరూ కలిసి అటొకర్ని ఇటొకర్ని జరిపి, ఒక పిల్లాణ్ణి వాళ్ళమ్మ ఒళ్ళోకి పంపి, మాకు నాలుగు సీట్లు వరసగా తేల్చారు. పావుగంట పట్టింది, కానీ ఎవరూ అరుచుకోలేదు. ఈలోపు మాకు వాళ్ళ ఊరు, వాళ్ళల్లుడి ఉద్యోగం, పండక్కి అల్లుడు రాకపోడానికి కారణం అన్నీ తెలిసిపోయాయి.

అసలు ఈ హాలుకి నేను ఎక్కువ మార్కులేసేది ఇక్కడ. తెర ఇంకా ఉంది. ఎర్ర ముఖమల్ తెర, కింద జరీ కుచ్చులు, అక్కడక్కడ ఎలకలు కొట్టిన కన్నాలు. లైట్లు తగ్గిస్తూ ఘంటసాల గారి నమో వెంకటేశా వేశారు. ఆ పాట మొదలవగానే తెర మెల్లిగా పైకి లేస్తుంటే మా వెనక వరసలో ఒకావిడ చెప్పులు విప్పి దణ్ణం పెట్టుకుంది, ముందు వరసలో ఒకడు అదే టైముకి ఈలేశాడు, రెండూ భక్తే అనుకోండి. మల్టీప్లెక్సులో ఈ పాట ఏది, లైట్లారగానే కార్ లోన్ యాడ్ వస్తుంది.

యాడ్స్ ఇక్కడా తక్కువేం కాదు. పట్టుచీరల షాపు, బంగారం షాపు, ఇంకో బంగారం షాపు, ఆ రెండు షాపులకీ లోన్ ఇచ్చే ఫైనాన్సు, తర్వాత ర్యాంకుల యాడ్, ఒకటి ఒకటి రెండు రెండు అని ఆయాసపడుతూ. బెంగళూరులో ఒకాయన పాతిక నిమిషాలు యాడ్స్ వేసి నా టైం తిన్నారని మల్టీప్లెక్స్ మీద కేసేస్తే 2025లో కన్స్యూమర్ కమిషన్ ఆయన తరఫున తీర్పిచ్చింది, తర్వాత హైకోర్టు స్టే ఇచ్చిందనుకోండి. మా ఊళ్ళో అలాంటి కేసు పడదు, ఎందుకంటే ఇక్కడ యాడ్స్ టైంలోనే జనం సీట్ల పంచాయితీ తేల్చుకుంటారు, యాడ్స్ తీసేస్తే షో మొదలుపెట్టలేరు.

ఇక పొగాకు యాడ్. ఈ నగరానికి ఏమైంది అని తెర మీద ఆ గొంతు మొదలవగానే హాలు మొత్తం కోరస్‌లో అందుకుంది. చిన్నపిల్లలతో సహా. 2012 చివర్లో ఈ హెల్త్ స్పాట్లు సినిమా ముందూ ఇంటర్వెల్ తర్వాతా వెయ్యాలని రూలొచ్చింది, ఆ యాడ్ డైలాగు మన జనానికి ఎంత వంటబట్టిందంటే 2018లో దాని పేరుతోనే ఒక సినిమా వచ్చింది. పద్యాలు బట్టీ పట్టని పిల్లలకి కూడా ఇది నోటికొచ్చు. ఆ కోరస్ అయ్యాక నా పక్కాయన లేచి బయటికెళ్ళి సిగరెట్ కాల్చొచ్చాడు, యాడ్ చూసి గుర్తొచ్చిందట.

బొమ్మ గురించి కాస్త టెక్నికల్‌గా మాట్లాడాలి, మాట్లాడకపోతే ఇది రివ్యూ ఎలా అవుద్ది. మా చిన్నప్పుడు షో లేటైతే "బాక్స్ రాలేదు" అనేవాళ్ళు, రీళ్ళ పెట్టె పక్కూరి హాల్లోంచి మోటార్ సైకిలు మీద రావాలి, అక్కడ మొదటి రీళ్ళు అయిపోతే ఇక్కడ మొదలు. ఇప్పుడంతా డిజిటల్, సినిమా సర్వర్లో ఉంటుంది, దానికి తాళం వేసి ఉంటుంది, ఆ తాళం చెవి మెయిల్లో వస్తుంది, ఆ చెవి ఆ ఒక్క సర్వర్‌కి, ఆ టైం నుంచి ఈ టైం దాకా మాత్రమే పనిచేస్తుంది. దాంతో ఇప్పుడు షో లేటైతే "కీ రాలేదు" అంటున్నారు. మాకు అలాగే కాసేపు తెల్ల తెర చూపించారు. మల్టీప్లెక్స్ అయితే జనం ఫోన్లు తీస్తారు. ఇక్కడ కింద క్లాసులో ఎవడో ఒకడు ప్రొజెక్టర్ వెలుతుర్లో చేతులు పెట్టి తెర మీద కుక్క నీడ వేశాడు, ఇంకొకడు కుందేలు వేశాడు, కుక్క కుందేల్ని తరిమింది, జనం కేకలు. నిజాయితీగా చెప్పాలంటే ఫస్టాఫ్‌లో ఛేజ్ సీన్ కన్నా అది బాగుంది.

బొమ్మ పడ్డాక మాత్రం నీరసం. లాంపు పాతదైనట్టుంది. ప్రొజెక్టర్లో ఉండే జెనాన్ లాంపుకి ఇన్ని గంటలని ఒక ఆయుష్షు ఉంటుంది, వాడేకొద్దీ వెలుతురు తగ్గుతుంది, కొత్తది ఖరీదు కాబట్టి ఓనర్లు ఆఖరి బొట్టు దాకా పిండుతారు. పగటి సీన్లు సాయంత్రంలా, సాయంత్రం సీన్లు కరెంటు పోయినట్టు కనిపించాయి. వర్షంలో నైట్ ఫైటు ఒకటుంది, అందులో హీరో కొట్టాడో కొట్టించుకున్నాడో ఇప్పటికీ నాకు క్లారిటీ లేదు, ఆఖర్న నడుచుకుంటూ బయటికొచ్చింది ఆయనే కాబట్టి కొట్టాడనే అనుకుంటున్నా. మాకు ఆ సీన్ నడిపించింది ఎనౌన్స్‌మెంట్ డిపార్ట్‌మెంట్. ఆ సినిమా అప్పటికే చూసేసిన ఒక కుర్రాడు మా వెనకే కూర్చుని ప్రతి దానికీ ముందే చెప్పేశాడు, "ఇప్పుడు గొడ్డలి తీస్తాడు చూడు", "ఇప్పుడు ఆడు చస్తాడు చూడు". తిడదామనుకున్నా గానీ ఆ చీకట్లో వాడు చెప్పకపోతే గొడ్డలి ఉందని నాకు తెలిసేది కాదు.

సౌండ్ దానికి రివర్సు. డాల్బీ ప్రాసెసర్ మీద వాల్యూం నాబ్ ఒకటుంటుంది, 7 అనేది స్టాండర్డ్, మిక్సింగ్ చేసినవాళ్ళు ఏ సౌండులో విన్నారో అది. చాలాచోట్ల అంతకన్నా తగ్గించే పెడతారు. మా ఆపరేటర్‌కి అలాంటి పిసినారితనం లేదు. హీరో ఎంట్రీకి ఎంత పెంచాడో గానీ నా సీటు చేతి రేకు దానంతటదే మోగింది, పైన ఫ్యాన్ మీంచి దుమ్ము రాలింది, ఒక పసిపిల్ల లేచి ఏడుపు అందుకుంది గానీ ఆ ఏడుపు నోరు తెరుచుకోవడం చూసి తెలుసుకోవాల్సిందే తప్ప వినపడలేదు. అయినా కింద నుంచి "సౌండ్ పెంచరా" అనే అరిచారు. మళ్ళీ సెంటిమెంటు సీను రాగానే తల్లి పాత్ర ఏం చెప్తోందో ఒక్క ముక్క వినపడలా. ఎడమ పక్క స్పీకర్లు పనిచేస్తున్నాయో లేదో నాకు డౌటే, కారు కుడి నుంచి వచ్చి ఎడమకి వెళ్ళాక మాయమైపోయింది.

హీరో ఎంట్రీ అన్నాను కదా, అక్కడ కాగితాలు ఎగరేశారు. ఎగరేసేవాళ్ళు దాన్ని ఎంత సీరియస్‌గా చేస్తారో తెలియాలంటే వాళ్ళ సంచులు చూడాలి, ఇంటి దగ్గర పాత నోట్సులన్నీ చింపి గోనె సంచిలో తెచ్చుకుంటారు. నా ఒళ్ళో పడ్డ ముక్క మీద "ఈ కింది వానిలో ఉభయచరం ఏది" అని ఉంది. ఆప్షన్లు పక్కాయన ఒళ్ళో పడ్డాయి. ఆయన టార్చ్ వేసి చూసి "కప్ప" అన్నాడు, మళ్ళీ సినిమా చూశాడు. పదో తరగతి బిట్ పేపరు, ఎవడో రాయకుండానే విసిరేశాడన్నమాట. తెర ముందు ఖాళీలో పదిమంది ఎగురుతున్నారు, వాళ్ళ తలల నీడలు హీరో మోకాళ్ళ దాకా పడుతున్నాయి, వాళ్ళు ఎవరూ తెర వైపు చూడట్లేదు, జనం వైపు తిరిగి ఎగురుతున్నారు. ఆలోచిస్తే వాళ్ళది డ్యూటీయే, హీరో వచ్చాడని మనకి చెప్పడానికి వచ్చారు. ఈ పద్ధతికి హెడ్డాఫీసు హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్ రోడ్స్ అనుకోండి, అక్కడ సంధ్య, సుదర్శన్, దేవి హాళ్ళ దగ్గర పెద్ద సినిమా మొదటి రోజు జాతరే. మాది బ్రాంచి.

ఈ కాగితాలన్నీ ఊడ్చేది ఒక్కతే పెద్దావిడ. మేం బయటికొస్తుంటే చీపురు పట్టుకుని మెట్ల మీద కూర్చునుంది, ఎలా ఉందండీ సినిమా అని నేనే అడిగా. "నేను చూళ్ళేదు బాబూ, కాగితాలు బానే పడ్డాయి" అంది. అంటే? "మొదటి రోజు అన్నిటికీ పడతాయి. రెండో రోజు కూడా రెండు గోతాలు ఎత్తానంటే ఆడద్ది. రెండో రోజు గోతం నిండకపోతే పోయినట్టే." ఏ హీరో సినిమా అయినా ఆవిడ లెక్క ఒకటే, తిట్టు కూడా ఒకటే, అది ఇక్కడ రాయలేను. ఈ సినిమాకి ఎన్ని గోతాలు అని అడిగితే "ఒకటిన్నర" అంది. పావులు కలిపే రివ్యూయర్ల కన్నా నాకు ఈ లెక్క నచ్చింది, కనీసం కొలత ఏంటో తెలుస్తోంది. హాలు వాళ్ళు ఆవిడకి ఇంకో మనిషిని తోడిస్తే బావుంటుంది, ఇది జోక్ కాదు, నిజంగానే అంటున్నా.

ఇంటర్వెల్. ఇక్కడ ఇంటర్వెల్ ఎంతసేపు అనేది సినిమా మీద కాదు, సమోసాల మీద ఆధారపడి ఉంటుంది. ట్రే ఖాళీ అయ్యేదాకా బెల్లు కొట్టరు. చిన్న ఉల్లి సమోసాలు, నలభైకి నాలుగు, న్యూస్‌పేపర్ ముక్కలో చుట్టి ఇస్తే ఆ నూనెకి పేపర్లో వార్త వెనక పేజీ వార్తతో కలిసిపోతుంది. మొదటిది కొరికితే నాలిక కాలుతుంది, నాలుగోది తినేసరికి చల్లారి మెత్తబడుతుంది, మధ్యలో రెండే సమోసాలు కరెక్ట్‌గా ఉంటాయి, ఆ రెండూ పక్కన కూర్చున్నవాళ్ళు తీస్కుంటారు. కూల్‌డ్రింకుల్లో ఆర్టోస్ దొరికింది. రామచంద్రపురంలో 1919 నుంచి తయారవుతున్న డ్రింకు, గోదావరి జిల్లాల వాళ్ళకి దాని మీద మమకారం ఎక్కువ, నేనైతే ఈ హాలుకి ఆ ఒక్క సీసా కోసం అర మార్కు ఎక్స్‌ట్రా ఇస్తున్నా. చల్లగా లేదు. అయినా ఇస్తున్నా.

మల్టీప్లెక్సుల్లో తిండి గురించి సుప్రీంకోర్టు దాకా వెళ్ళారు గుర్తుందా, 2023 జనవరిలో. బయటి తిండి వద్దనే హక్కు హాలు వాళ్ళకి ఉంది, తాగే నీళ్ళు మాత్రం ఫ్రీగా పెట్టాలి అని తీర్పు. ఆ వాదనల్లో చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ గారు ఎవరైనా జిలేబీ తెచ్చుకుని తిని ఆ వేళ్ళు సీటుకి తుడిస్తే క్లీనింగ్ డబ్బులు ఎవరిస్తారు అన్నారు. ఆయన మా హాలుకి రాలేదు గానీ నా సీటు చూసే అన్నారేమో అనిపించింది, చేతి కింద జిలేబీయో ఇంకోటో గానీ చొక్కా అంటుకుంది. మళ్ళీ 2024 డిసెంబర్లో పాప్‌కార్న్ మీద జీఎస్టీ గోల, ఉప్పు వేసి లూజుగా అమ్మితే 5 శాతం, ప్యాకెట్ కడితే 12, క్యారమెల్ పూస్తే 18 అని క్లారిటీ ఇస్తే దేశం మొత్తం మీమ్స్ వేసుకుంది. మా హాల్లో పాప్‌కార్న్ పాలిథిన్ కవర్లో, పసుపు రంగులో, పిన్ను కొట్టి ఇస్తారు. అప్పటి లెక్కలో ఇది ఏ శ్లాబులోకి వచ్చేదో నిర్మలా సీతారామన్ గారే వచ్చి చెప్పాలి.

సమోసాల అబ్బాయి ఇంటర్వెల్ అయిపోయాక కూడా లోపలికొచ్చి వరసల మధ్య తిరిగాడు. సరిగ్గా విలన్ చిన్నపిల్ల మెడ మీద కత్తి పెట్టినప్పుడు "సమోసే, సమోసే" అని మా వరసలోకి వచ్చాడు. మా బావ రెండు ప్లేట్లు తీస్కున్నాడు. చిల్లర లేదు, ఫోన్‌పే అన్నాడు, ఆ అబ్బాయి మెళ్ళో క్యూఆర్ కోడ్ కార్డు వేలాడుతోంది, ఈయన స్కాన్ చేస్తే స్పీకర్ బాక్సు జేబులోంచి "ఎనభై రూపాయలు వచ్చాయి" అని గట్టిగా చెప్పింది. అదే టైముకి తెర మీద విలన్ "ఎంత కావాలి నీకు" అన్నాడు. హాలు కూలిపోయింది నవ్వుతో. ఆ సినిమా డైరెక్టరు ఎంత కష్టపడి రాసినా ఆ టైమింగ్ రాదు, ఇంట్లో ఓటీటీలో చూస్తే అసలే రాదు.

ఏసీ గురించి రాయాలి గానీ రాయడానికి ఏం లేదు. పేర్లు పడేటప్పుడు ఉంది. పేర్లు అయిపోయాక లేదు. అడిగితే "చలికాలం కదండీ" అన్నారు. మే నెలలో వెళ్ళినవాళ్ళకి కరెంటు లోడు అని చెప్తారట. "ఏసీ వెయ్యండెహె" అని అరిచే డిపార్ట్‌మెంట్ ఒకటుంది, వాళ్ళు అరిచినప్పుడల్లా కాసేపు ఏసీ సౌండు మాత్రం వస్తుంది.

టాయిలెట్ల దగ్గర మాత్రం నాకు హాస్యం రావట్లేదు. మగవాళ్ళది ఎలా ఉన్నా నడిచిపోతుంది, నడిచిపోకూడదు గానీ నడిచిపోతుంది. హౌస్‌ఫుల్ హాల్లో ఆడవాళ్ళకి పనిచేసేది ఒక్కటే, దానికి లైటు లేదు, గొళ్ళెం లేదు, మా అక్క లోపలికెళ్తే పిన్ని బయట తలుపు పట్టుకుని నిలబడింది, ఆ తర్వాత పిన్ని వెళ్తే అక్క పట్టుకుంది. క్యూ ఎంతుందంటే వీళ్ళిద్దరూ వచ్చేసరికి ఒక పాట, ఒక ఫైటు అయిపోయాయి, ఫ్లాష్‌బ్యాకులో ఎవరు ఎవర్ని చంపారో మేం ఇంటికెళ్ళాక చెప్పాల్సొచ్చింది. ఫ్యామిలీ ఆడియన్స్ థియేటర్లకి రావట్లేదని సక్సెస్ మీట్లలో బాధపడతారు కదా, ఆ మాట అనేవాళ్ళని ఒకసారి ఆ తలుపు పట్టుకుని నిలబెట్టాలి. సున్నా మార్కులు. ఓనరు గారూ, ఆవకాయ సంగతి తర్వాత చూస్కుందాం, ముందు గొళ్ళెం వేయించండి.

ఎంక్వైరీ డిపార్ట్‌మెంట్ గురించి చెప్పకపోతే అన్యాయం. మా పక్క వరసలో ఒక బామ్మగారు, మనవడితో వచ్చింది, సినిమా అంతా ప్రశ్నలే. "ఈడెవడ్రా?" "విలన్ తమ్ముడు బామ్మా." "ఇందాక చచ్చాడు కదా?" "అది బాబాయ్ బామ్మా." "మరి ఈ పిల్ల ఎవరి పిల్ల?" మనవడికి కూడా తెలియదు. ముందు వరసలో ఒకాయన వెనక్కి తిరిగి "రెండో పెళ్ళాం పిల్లండీ, ఇంకా చెప్పలేదు, చెప్తారు" అన్నాడు. పది నిమిషాల తర్వాత నిజంగానే ఆ ట్విస్టు వచ్చింది. జనం షాక్ అవ్వాల్సిన చోట బామ్మగారు "నాకు ముందే చెప్పాడు" అని ఆయన్ని చూపించింది. స్క్రీన్‌ప్లే అర్థం కావట్లేదని రివ్యూలు రాసేవాళ్ళంతా బామ్మగారి పక్కన సీటు బుక్ చేస్కోవాలి.

మనవైపు హాళ్ళన్నీ ఇలాగే ఉంటాయనుకోకండి. సూళ్ళూరుపేటలో హైవే పక్కన వి ఎపిక్ అని 2019లో పెట్టారు, అంత పెద్ద తెర కోసం చెన్నై నుంచి కూడా కార్లేసుకుని వస్తారు, చిన్న ఊళ్ళో కూడా బొమ్మ బాగా చూపిస్తే జనం వెతుక్కుంటూ వస్తారని దాన్ని చూసి తెలిసింది. మా ఊళ్ళో ఉన్న రెండో హాలు మాత్రం ఇప్పుడు ఫంక్షన్ హాలు. అక్కడ నా క్లాస్‌మేట్ పెళ్ళయింది, తెర ఉండే చోటే మండపం కట్టారు. పెళ్ళికొడుకు పక్క తలుపులోంచి ఎంట్రీ ఇస్తే వెనక నుంచి ఒకటే ఈలలు, అక్షింతలకి బదులు ఎవడో కాగితాలు కూడా ఎగరేశాడు, పురోహితుడు కోపంతో మంత్రం ఆపేశాడు. అలవాటైన చోటు కదా, చేతులు ఊరుకోవు.

వెళ్దామనుకునేవాళ్ళకి నాలుగు ముక్కలు. పై క్లాసులో ఎడమ పక్క వద్దు, అక్కడ సౌండు రాదు, కుడి పక్క వద్దు, అక్కడ సౌండు మరీ వస్తుంది, మధ్యలో మూడో వరస నుంచి ఆరో వరస దాకా ఫ్యాన్ కింద చూస్కోండి. మంచినీళ్ళు ఇంటి నుంచే పట్టుకెళ్ళండి, గేటు బాబాయి ఏం అనడు, మూత తీసి వాసన మాత్రం చూస్తాడు. పండగ మూడ్రోజులూ ఫస్ట్ షోకి వెళ్ళకండి, కోడిపందేల బరుల దగ్గర నుంచి డైరెక్ట్‌గా వచ్చేస్తారు, గెలిచినవాడు ఈలేస్తాడు, పోగొట్టుకున్నవాడు విలన్ పక్షం వహిస్తాడు. సెకండ్ షోకి వెళ్ళండి గానీ బండి మాత్రం లోపల గోడ వారన పెట్టకండి. టోకెన్ ఇచ్చే కుర్రాడు క్లైమాక్స్‌కల్లా నిద్రపోతాడు, మీ బండి ముందు ఇంకో నాలుగు వరసలు పెట్టేసి ఉంటాయి, అన్నిటికీ హ్యాండిల్ లాక్ వేసి ఉంటుంది, ఆ బండ్ల వాళ్ళు బయట నిలబడి సినిమా హిట్టా ఫట్టా అని తేల్చుకునేదాకా మీకు దారి దొరకదు.